బ్యాటరీ వేడెక్కకుండా సైలెన్సర్‌ని నెత్తికెక్కించిన కారు

పోయిన సంచికలో ఒక పాఠకుడు "హైబ్రిడ్ అంటే పెట్రోల్ మిగిల్చే ఫ్యామిలీ కార్లే కదా సార్" అని అడిగారు. కాదండీ, పోర్షే 918 స్పైడర్ అని ఒకటుంది, 887 హార్స్‌పవర్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్, కరెంట్ మోటార్లు కలిసి నడిపే కారు), ప్రపంచం మొత్తానికీ కలిపి 918 మాత్రమే చేసి ఆపేశారు అని రెండు లైన్లు రాసి వదిలేశాను. ఆ రెండు లైన్లకి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని మెసేజ్‌లు వస్తాయనుకోలేదు. అందుకే ఈ నెల బైకుల ప్రశ్నలు, ఇన్సూరెన్స్ ప్రశ్నలు పంపినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి, మొత్తం ఈ ఒక్క కారు మీదే.

ప్రశ్న: సార్, అందులో పెట్రోల్ ఇంజన్ ఒక్కటే 608 హార్స్‌పవర్ ఇస్తుందని చదివా. అంత ఉన్నాక మళ్లీ బ్యాటరీ, మోటార్లు దేనికి? బరువు పెరగడం తప్ప లాభమేంటి? (బీటెక్ మెకానికల్ థర్డ్ ఇయర్, కాకినాడ)

జవాబు: బరువు విషయంలో నీ అనుమానం కరెక్టే తమ్ముడూ. ఆ ఇంజన్ 135 కిలోలు, బ్యాటరీ కూడా ఇంచుమించు అంతే, అంటే ఇంకో ఇంజన్ ఎత్తుకుని తిరుగుతున్నట్టే లెక్క. కానీ ఆ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. పోర్షే వాళ్లకి ఆర్‌ఎస్ స్పైడర్ అని రేసు కారు ఉండేది, దాని వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ నుంచి పుట్టింది ఇది. 4.6 లీటర్లు, టర్బో (గాలిని బలవంతంగా లోపలికి తోసే పరికరం) లేదు, టైటానియం కనెక్టింగ్ రాడ్లు, పూర్తి పవర్ వచ్చేది 8,700 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర, 9,150 దాకా తిరుగుతుంది. లీటరుకి 132 హార్స్‌పవర్ టర్బో లేకుండా తీయడం అంటే మామూలు విషయం కాదు. మన మామూలు 1.2 లీటర్ కార్లలో లీటరుకి 70 చుట్టుపక్కలే వస్తుంది.

ఇలాంటి రేసు ఇంజన్లకి ఒక జబ్బు ఉంటుంది. పైన ఎగిరెగిరి పడతాయి గానీ కింద, అంటే రెండు మూడు వేల ఆర్‌పీఎం దగ్గర, మన భాషలో చెప్పాలంటే పికప్ ఉండదు. ఎలక్ట్రిక్ మోటార్‌ది దీనికి సరిగ్గా రివర్స్, సున్నా దగ్గర నుంచే పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇచ్చేస్తుంది, స్పీడ్ పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఎత్తు మీద సైకిల్ ఎక్కేటప్పుడు మొదటి రెండు తొక్కుళ్లకి వెనక నుంచి ఎవడో ఒకడు తోస్తే ఎలా ఉంటుందో, ఇంజన్ ఊపందుకునేలోపు మోటార్ చేసే పని అదే. ఒకడి బలహీనత ఉన్నచోట ఇంకొకడి బలం ఉంది కాబట్టే ఆ బరువుకి ఒప్పుకున్నారు.

ఇంకోటి, ముందు చక్రాలు. ఇంజన్ వెనకాల ఉంది, ముందు చక్రాలకి పవర్ పంపాలంటే మామూలుగా కారు పొడవునా ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ వేయాలి. ఇందులో ఆ షాఫ్టే లేదు. ముందు యాక్సిల్‌కి విడిగా 95 కిలోవాట్ల మోటార్ ఉంది, ఇంజన్‌కీ ముందు చక్రాలకీ మధ్య ఉన్న సంబంధం కరెంట్ కేబుల్ ఒక్కటే. రెండో మోటార్, 115 కిలోవాట్లది, వెనక ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో కూర్చుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అన్నమాట, కానీ కలిపేది ఇనుము కాదు, కంప్యూటర్. మూలమలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ముందు చక్రాలకి ఎంత ఇవ్వాలో సెకన్‌లో చిన్న ముక్కలో మార్చుకుంటూ పోతుంది.

ప్రశ్న: లెక్క కుదరడం లేదండీ. ఇంజన్ 608, వెనక మోటార్ 156, ముందు మోటార్ 129. కూడితే 893 రావాలి, కంపెనీ 887 అంటోంది. మిగతా ఆరు ఏమయ్యాయి? (రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి)

జవాబు: మాస్టారూ, మీ లెక్క తప్పు కాదు. ఇంజన్ తన 608 ఇచ్చేది 8,700 ఆర్‌పీఎం దగ్గర. మొత్తం కారుకి చెప్పిన 887 మాత్రం 8,500 దగ్గర తీసిన లెక్క. ముగ్గురు మనుషులు తాడు లాగుతున్నారనుకోండి, ముగ్గురూ తమ తమ అత్యధిక బలం ఒకే క్షణంలో పెట్టరు కదా. చాలా హైబ్రిడ్ల బ్రోచర్లలో మొత్తం పవర్ విడి పవర్ల కూడిక కంటే తక్కువే కనిపిస్తుంది.

ప్రశ్న: అన్నా, మాది రామగుండం. ఎండాకాలం ఇక్కడ ఎట్లుంటదో నీకు తెల్సు. ఫోన్ ఎండల పెడితేనే వేడెక్కి ఆగిపోతది, గసుంటిది 600 హార్స్‌పవర్ ఇంజన్ పక్కన బ్యాటరీ పెడితే అది ఎట్ల బతుకుతది? (పవర్ ప్లాంట్ టెక్నీషియన్)

జవాబు: తమ్మీ, వచ్చిన ప్రశ్నలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే. నన్నడిగితే 918 గురించి మాట్లాడాల్సింది ఈ ముక్కే, 887 హార్స్‌పవర్ గురించి కాదు. పవర్ తీయడం పెద్ద బ్రహ్మవిద్య కాదు, డబ్బులుంటే ఎవరైనా తీస్తారు. ఇంత చిన్న డొక్కలో అంత మంటనీ, మంట పడని బ్యాటరీనీ పక్కపక్కనే కాపురం చేయించడం, అది ఇంజనీరింగ్.

లిథియం బ్యాటరీకి హాయిగా ఉండే వేడి 20 నుంచి 40 డిగ్రీలు. అంతకంటే చల్లబడితే కరెంట్ గట్టిగా ఇవ్వలేదు, అంతకంటే వేడెక్కితే తొందరగా ముసలిదవుతుంది, మరీ ఎక్కువైతే ప్రమాదం. మీ ఊళ్లో మే నెలలో బ్యాటరీకి బయట గాలే పనికిరాదు, 45 దాటుతుంది. ఇక ఈ కారులో బ్యాటరీ ఎక్కడుందంటే సీట్ల వెనకాల, కింద, సరిగ్గా ఇంజన్‌కి ముందు. బరువు కారు మధ్యలో, నేలకి దగ్గరగా ఉండాలి కాబట్టి అక్కడే పెట్టాలి, ఇంకో చోటు లేదు. కానీ పక్కనే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్.

మామూలు వీ8లో ఏం చేస్తారంటే, రెండు వరసల సిలిండర్లు వీ ఆకారంలో ఉంటాయి కదా, గాలి లోపలికి పీల్చుకునేది వీ మధ్యలో నుంచి, పొగ బయటికి పోయేది రెండు బయటి పక్కల నుంచి. ఆ పైపులు కిందికి దిగి, కారు అడుగున పాక్కుంటూ పోయి వెనక బంపర్ కింద తేలతాయి. అంటే వేడంతా కిందా పక్కలా, బ్యాటరీ ఉన్నచోటే. 918 వాళ్లు దీన్ని తిరగేశారు. పొగ పోయే పక్క వీ లోపలికి, గాలి పీల్చే పక్క బయటికి. పైపులు కిందికి దిగవు, వీ మధ్యలో నుంచి నిట్టనిలువుగా పైకి లేచి, ఇంజన్ మూత మీద, డ్రైవర్ తల వెనకాల బయటికి తెరుచుకుంటాయి. రెండు గొట్టాలు, ఆకాశం వైపు.

వేడి గాలి ఎలాగూ పైకే పోతుంది, దాన్ని అటే పోనిచ్చారు అంతే. పైపు పొడవు తగ్గింది కాబట్టి పొగ ఎక్కడా తన్నకుండా సులువుగా పోతుంది, ఇంజన్‌కి ఊపిరాడుతుంది. ఇంజన్ గది చల్లబడింది, బ్యాటరీని చల్లబరచడానికి ఖర్చుపెట్టే కరెంట్ కూడా తగ్గింది. ఒక్క మార్పుతో ఇన్ని పనులు. దాని పైన బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఎలాగూ ఉంది, 312 సెల్స్ చుట్టూ చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది.

నేను మా అబ్బాయి దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు స్టట్‌గార్ట్‌లోని జుఫెన్‌హౌసెన్‌లో పోర్షే మ్యూజియంలో ఈ కారు వెనకాల చాలాసేపు నిలబడ్డాను. అందరూ ముందు నుంచి ఫొటోలు దిగుతున్నారు, నా కళ్లు మాత్రం ఆ రెండు గొట్టాల మీదే. చుట్టూ వేడి తగలకుండా కవచం, మధ్యలో మసి నలుపు, లోపలికి తొంగిచూస్తే మెలిక లేకుండా నేరుగా ఇంజన్‌లోకి దిగిపోతున్నట్టు కనిపించింది. వెనక బంపర్ దగ్గర వంగి చూశా, సైలెన్సర్ కోసం అలవాటు కొద్దీ. ఏమీ లేదు. అక్కడ ఉండేది గాలిని పద్ధతిగా బయటికి పంపే డిఫ్యూజర్ ఒక్కటే, సైలెన్సర్ పైకి పోవడం వల్ల దానికీ చోటు బాగా దొరికింది.

ఇదంతా కోట్ల కారు గొడవ, మనకెందుకు అనుకోకు. రెండేళ్ల కిందట ఖమ్మంలో మా బావమరిది హైబ్రిడ్ కారుకి మే నెలలో వార్నింగ్ లైట్ వచ్చింది, పికప్ పడిపోయింది, వెనక సీటు కింద ఏదో ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది. అతను తీసుకెళ్లిన సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ పోయింది, మార్చాలి, లక్షల్లో అవుతుందని చెప్పేశారు. ఇంటికి తెచ్చాక నేను చూశా. వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి పీల్చే జల్లెడ ఉంటుంది, దాని వెనక చిన్న ఫిల్టర్. బయటికి లాగితే ఎర్రమట్టి, వాళ్ల కుక్క వెంట్రుకలు కలిసి గొంగళిలా పేరుకుపోయి ఉంది, గాలి దూరే సందే లేదు. దులిపి, కడిగి, ఆరబెట్టి పెట్టాం. ఆ తర్వాత అదే బ్యాటరీతో రెండు ఎండాకాలాలు గడిచాయి. గాలితో చల్లబడే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఎవరికున్నా ఏప్రిల్ రాకముందే ఆ ఫిల్టర్ చూసుకోండి, ఆ జల్లెడ మీద సంచులు, దుప్పట్లు పడేయకండి. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టొద్దు, అవి హై వోల్టేజ్‌వి.

ప్రశ్న: మా వారి ఇన్నోవా హైబ్రిడ్‌కీ దీనికీ సూత్రం ఒకటేనా, వేరేనా? ఆయనేమో రెండూ ఒకటే అని వాదిస్తున్నారు. (టీచర్, నంద్యాల)

జవాబు: మీ వారు సగం గెలిచారమ్మా. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాచి, బయల్దేరేటప్పుడు వాడుకోవడం, ఈ మూలసూత్రం రెండింటికీ ఒకటే. తేడా ఎక్కడంటే, మీ కారుని ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేయలేరు, దీన్ని చేయొచ్చు. మామూలు ఇంటి ప్లగ్‌లో నాలుగు గంటల్లో నిండుతుంది. నిండితే 16 నుంచి 31 కిలోమీటర్ల దాకా పెట్రోల్ చుక్క వాడకుండా పోతుంది, అది కూడా గంటకి 150 కిలోమీటర్ల స్పీడ్ దాకా. మీ కారులో మోటార్ పని ఇంజన్‌కి శ్రమ తగ్గించడం. ఇక్కడ మోటార్ ఇంజన్‌కి జోడెద్దు.

బ్రేక్ విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బయటికి కనపడని కష్టం అంతా అక్కడే ఉంది. 918లో మీరు పెడల్ నొక్కితే మొదట్లో ఆపేది బ్రేక్ ప్యాడ్లు కాదు, మోటార్లు. గట్టిగా, 0.5 జీ దాకా, అంటే కడుపులో నీళ్లు కదిలి మనిషి ముందుకి తూలేంత గట్టిగా మోటార్లే ఆపగలవు. ఆ తర్వాతే సిరామిక్ డిస్కులు రంగంలోకి దిగుతాయి. ఈ మారడం అనేది కాలికి తెలియకూడదు. బ్యాటరీ నిండిపోయి ఇంక కరెంట్ తీసుకోలేని పరిస్థితిలో మోటార్ ఆపడం మానేస్తుంది, అప్పుడు అదే నొక్కుడికి డిస్కులు ఆ లోటు భర్తీ చేయాలి, అదీ కాలికి తెలియకూడదు. మొదట్లో వచ్చిన చాలా హైబ్రిడ్లలో బ్రేక్ పెడల్ ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా తగిలేది, మీ వారిని అడగండి, పాత హైబ్రిడ్ ఎప్పుడైనా నడిపుంటే గుర్తుంటుంది. గంటకి మూడొందల స్పీడ్ నుంచి మలుపులోకి దిగేవాడికి పెడల్ ఒక్క వెంట్రుకవాసి తేడాగా తగిలినా నమ్మకం పోతుంది.

ప్రశ్న: లీటరుకి 32 కిలోమీటర్లు ఇస్తుందని ఎక్కడో చూశా. మా స్ప్లెండర్‌కే 60 రావడానికి చస్తున్నాం, ఈ రాక్షసికి 32 ఏంటి సార్, నిజమేనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: కాగితం మీద నిజం. 100 కిలోమీటర్లకి 3.1 లీటర్లు అని కంపెనీ ప్రకటించింది, లీటరుకి 32 చిల్లర. అప్పట్లో యూరప్‌లో ప్లగ్ పెట్టే హైబ్రిడ్‌కి టెస్ట్ ఎలా చేసేవాళ్లంటే, బ్యాటరీ నిండుగా పెట్టి ఒకసారి, ఖాళీ చేసి ఒకసారి నడిపి, ఆ తర్వాత రెండింటినీ కలిపి సగటు తీసేవాళ్లు. ఆ సగటులో ఒక ఊహ ఉంది, బ్యాటరీ అయిపోయాక ఇంకో 25 కిలోమీటర్లు మాత్రమే పెట్రోల్ మీద తిరిగి యజమాని మళ్లీ ప్లగ్ పెట్టేస్తాడని. అంటే 31 కిలోమీటర్లు ఊరికే, 25 కిలోమీటర్లు పెట్రోల్‌కి. సగానికి పైగా దూరానికి పెట్రోల్ లెక్కే లేనప్పుడు 32 ఎందుకు రాదు? పైగా ఆ టెస్ట్‌లో యాక్సిలరేటర్ ఆమ్లెట్ వేసినంత సుతారంగా తొక్కుతారు. ఈ కారు కొన్నవాడు అలా తొక్కడు.

మైలేజ్ అంకెలు కంపెనీ అబద్ధం అనను, రూల్ అలా ఉంది, రూల్ ప్రకారం చేశారు. కానీ ఈ రోజుకీ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఏది కొన్నా బ్రోచర్‌లో మైలేజ్ చూసి మురిసిపోకండి, రోజూ రాత్రి ప్లగ్ పెట్టే అలవాటు మీకుందా లేదా అన్నదే మీ మైలేజ్.

ప్రశ్న: స్టీరింగ్ మీద రేస్, హైబ్రిడ్, ఈ-పవర్ అని గుండ్రటి నాబ్ ఉందంట. అది తిప్పితే నిజంగా ఏమన్నా మారుద్దా లేక ఊరికే సౌండ్ మారుద్దా? (టాక్సీ డ్రైవర్, భీమవరం)

జవాబు: నిజంగా మారుద్ది బ్రదర్, ఎందుకో ఒక లెక్క చెప్తా వినండి. ఆ బ్యాటరీ కెపాసిటీ 6.8 కిలోవాట్ అవర్లు. మన కరెంట్ బిల్లు భాషలో 6.8 యూనిట్లు, ఒక ఏసీ రాత్రంతా వేస్తే కాలేది. ఒక లీటర్ పెట్రోల్ కాలిస్తే వచ్చే వేడి ఇంతకంటే ఎక్కువ. ఇక రెండు మోటార్లూ కలిపి 210 కిలోవాట్లు. పూర్తిగా తొక్కి పట్టుకుంటే, మధ్యలో తిరిగి ఛార్జ్ ఎక్కకపోతే, ఆ 6.8 యూనిట్లు రెండు నిమిషాల్లోపే ఖాళీ.

ఇప్పుడు నూర్‌బర్గ్‌రింగ్ చూడండి. జర్మనీలో అడవి మధ్య 20.6 కిలోమీటర్ల రేస్ ట్రాక్, డెబ్బై పైగా మలుపులు, ఎత్తుపల్లాలు. 2013 సెప్టెంబర్ 4న మార్క్ లీబ్ అనే డ్రైవర్ ఈ కారులో ఆ ట్రాక్‌ని 6 నిమిషాల 57 సెకన్లలో చుట్టేశాడు. పోర్షే వాళ్లు చెప్పేదాని ప్రకారం, రోడ్డు మీద తిరగడానికి పర్మిషన్ ఉన్న, కంపెనీలో వరసగా తయారయ్యే కారు ఏదైనా అక్కడ ఏడు నిమిషాల లోపు రావడం అదే మొదలు, అదీ షోరూమ్ టైర్లతోనే. కానీ చూశారా, బ్యాటరీ ఉన్నది రెండు నిమిషాలకి, ట్రాక్ ఏడు నిమిషాలు. మిగతా ఐదు నిమిషాలకి కరెంట్ ఎక్కడిది? ప్రతి బ్రేక్‌లోనూ కొంత తిరిగి వస్తుంది, డ్రైవర్ ఫుల్‌గా తొక్కని చోట ఇంజన్ మిగులు బలంతో బ్యాటరీని నింపుతుంది, మోటార్ సాయం బాగా అక్కరకొచ్చే చోట మాత్రమే ఖర్చుపెడుతుంది. నెల జీతంతో ఇల్లు నడిపే ఇల్లాలి లెక్క ఇది, ఎక్కడ పొదుపు, ఎక్కడ ఖర్చు.

ఆ నాబ్ మార్చేది ఈ లెక్కనే. ఈ-పవర్‌లో పెడితే కేవలం కరెంట్, ఇంజన్ మూగ. సున్నా నుంచి వంద ఆరు సెకన్ల చిల్లరలో, అది కూడా చాలా కార్ల కంటే ఫాస్టే. హైబ్రిడ్‌లో పెట్రోల్ పొదుపు ముందు. స్పోర్ట్ హైబ్రిడ్‌లో ఇంజన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మోటార్లు దానికి తోడు. రేస్ హైబ్రిడ్‌లో గేర్లు ఇంకా కటువుగా పడతాయి, ఇంజన్ సందు దొరికినప్పుడల్లా బ్యాటరీ నింపుతుంది. నాబ్ మధ్యలో ఎర్ర బటన్, దాని పేరు హాట్ ల్యాప్. అది నొక్కితే దాచిపెట్టిన చివరి ఛార్జ్ కూడా బయటికి తీసేస్తుంది, ఒకటి రెండు రౌండ్లకి. తర్వాత బ్యాటరీ మళ్లీ నింపుకోవాల్సిందే. సున్నా నుంచి వంద 2.6 సెకన్లు, టాప్ స్పీడ్ 345, ఇవన్నీ బ్యాటరీలో సరుకు ఉన్నప్పటి మాటలు.

ప్రశ్న: మెక్‌లారెన్ పీ1, లాఫెరారీ, 918. మూడూ ఒకే టైమ్‌లో వచ్చాయి. మీ ఓటు ఎవరికి? (ఇంటర్ విద్యార్థులు, కరీంనగర్)

జవాబు: ఒకే టైమ్‌లో మూడు కంపెనీలు ఒకే ప్రశ్నకి మూడు జవాబులు రాశాయి బాబూ, అలాంటి సందర్భం మళ్లీ మళ్లీ రాదు. పీ1 375 కార్లు, 3.8 లీటర్ ట్విన్ టర్బో వీ8, మోటార్‌తో కలిపి 916 హార్స్‌పవర్. టర్బో ఊపందుకోవడానికి పట్టే ఆ ఆలస్యాన్ని మోటార్ పూడుస్తుంది, పవరంతా వెనక చక్రాలకే, కాబట్టి తేలిక, కొంచెం భయపెడుతుంది. లాఫెరారీ 499 చేశారు, ఇటలీ భూకంపం బాధితుల కోసం ఇంకొకటి చేసి 2016లో వేలం వేస్తే 70 లక్షల డాలర్లు వచ్చాయి. దానిది 6.3 లీటర్ వీ12, మొత్తం 963. ప్లగ్ లేదు, కేవలం కరెంట్ మీద నడవదు, కరెంట్ అనేది వీ12కి పోపు మాత్రమే.

అంకెలు చూస్తే 918కి పవర్ అందరికంటే తక్కువ, బరువు అందరికంటే ఎక్కువ, 1,674 కిలోలు. అయినా నా ఓటు దానికే. మిగతా ఇద్దరూ తమకి అలవాటైన కారుకి కరెంట్ జోడించారు. పోర్షే వాళ్లు కరెంట్ ఉంటుందని ముందే అనుకుని ఇంజన్ గొట్టాల దగ్గర నుంచి మొత్తం కొత్తగా ఆలోచించారు. గేర్‌బాక్స్ కూడా తలకిందులు చేసి బిగించారు, బరువు నేలకి దగ్గరవ్వాలని. ఇంజన్ మీద బెల్ట్ అనేదే లేదు, ఏసీ దగ్గర్నుంచి అన్నీ కరెంట్ మీదే. సౌండ్ కోసం అయితే లాఫెరారీ అంటారు మీ వయసు వాళ్లు, కాదనను.

ప్రశ్న: డల్లాస్‌లో ఒక కార్ మీట్‌లో దీన్ని చూశానండీ. సెకండ్ హ్యాండ్‌లో కొని హైదరాబాద్ తెచ్చుకోవచ్చా? ఆశకి అడుగుతున్నా. (ప్రవాస పాఠకుడు, టెక్సస్)

జవాబు: మీరు చూసే అవకాశం ఎక్కువే, మొత్తం 918లో దాదాపు మూడోవంతు అమెరికాకే వెళ్లాయి. తెచ్చుకోవడం మాత్రం కుదరదండీ. ఈ కారు ఎడమ చేతి స్టీరింగ్‌తోనే చేశారు, కుడి చేతిది చేయనే లేదు. మన దేశంలోకి రోడ్డు మీద తిప్పడానికి దిగుమతి చేసుకునే కారుకి స్టీరింగ్ కుడివైపు ఉండాలన్నది రూల్. ధర గురించి కూడా చాలామంది అడిగారు, జర్మనీలో పన్నుతో కలిపి 7,81,155 యూరోలతో మొదలైంది, అప్పటి మారకంలో ఆరున్నర కోట్ల దాకా. తయారీ మొదలుపెట్టింది 2013లో తొమ్మిదో నెల 18వ తేదీన, పేరుకి తగ్గట్టు. 2015 జూన్‌లో ఆఖరి కారు బయటికొచ్చింది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మోటార్ కరెంట్‌తో తిరుగుతుంది కదా, అదే మోటార్ బ్రేక్ ఎలా వేస్తుంది? కరెంట్ ఎలా తయారు చేస్తుంది? ఇది ఎవరు కనిపెట్టారు? (విజయనగరం)

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. పెట్రోల్ ఇంజన్, కరెంట్ మోటార్ కలిపి ఒక బండి నడిపించిన తొలి మనుషుల్లో ఫెర్డినాండ్ పోర్షే ఒకరు, ఈ కంపెనీకి ఆ పేరు ఆయనదే. 1900లో ఆయన సెంపర్ వివుస్ అనే బండి చేశాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. అందులో చిన్న పెట్రోల్ ఇంజన్లు రెండు జనరేటర్లు తిప్పి కరెంట్ తీసేవి, ఆ కరెంట్ ముందు చక్రాల మధ్యలోనే బిగించిన మోటార్లకి వెళ్లేది. ఇంజన్ నుంచి చక్రానికి ఇనుప సంబంధం లేదు, వైరు మాత్రమే. 918 ముందు చక్రాలు కూడా అంతే అని కాకినాడ తమ్ముడికి పైన రాశాను చూడు.

మోటార్ సంగతి చదివే కంటే చేసి చూస్తే తెలుస్తుంది. పాడైపోయిన బొమ్మ కార్ల నుంచి రెండు చిన్న మోటార్లు తీసుకో, బ్యాటరీ వద్దు. ఒకదాని రెండు వైర్లు ఇంకోదాని రెండు వైర్లకి కలుపు. మొదటి మోటార్ కడ్డీకి దారం నాలుగైదు చుట్లు చుట్టి ఒక్కసారిగా లాగు. రెండోది దానంతటదే కదులుతుంది, మొదటిది కరెంట్ తయారు చేసింది కాబట్టి. ఇప్పుడు రెండోదాన్ని తీసేసి, మొదటి మోటార్ కడ్డీని రెండు వేళ్లతో తిప్పు, తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత దాని రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తాకించి పట్టుకుని మళ్లీ తిప్పు. ఈసారి వేళ్లకి బరువుగా తగులుతుంది, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు. వైర్లు విడదీస్తే ఆ బరువు పోతుంది. ఆ బరువే బ్రేక్. చేసి చూసి ఎలా ఉందో రాయి, మోటార్ చిన్నదైతే బరువు తక్కువగా తెలుస్తుంది, అలాంటప్పుడు పాత టేప్ రికార్డర్ మోటార్ దొరుకుతుందేమో ఇంట్లో అడుగు.